గుట్టకు విశ్రాంతి ఎప్పుడు? మేత బీళ్ల నిర్వహణపై క్షేత్ర సిబ్బందికి ఇచ్చిన ఒక శిక్షణ: కేస్ స్టడీ

2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న సుమారు 7.43 కోట్ల గొర్రెల్లో 1.91 కోట్లు తెలంగాణలోనూ, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్నాయి. అంటే దేశపు గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. వీటిలో అత్యధికం దొడ్డిలో కట్టేసి మేపేవి కావు. పొద్దెక్కాక మందగా బయలుదేరి గుట్టలు, బీళ్లు, చెరువు కట్టలు, పంట కోసిన చేలు తిరిగి, పొద్దుగూకే వేళకు మళ్లీ దొడ్డికి చేరేవి. అయినా వీటి మేత గురించి రైతుకు సలహా చెప్పవలసిన సిబ్బంది చదువులో ఆ గుట్టలకూ బీళ్లకూ పెద్దగా చోటు లేదు. వ్యవసాయం చదివినవారికి పశుగ్రాసమంటే నీరు పెట్టి పెంచే నేపియర్, జొన్న, అలసంద, లూసర్న్. పశువైద్యం వైపు నుంచి వచ్చినవారికి మేత అంటే దాణా, ఖనిజ మిశ్రమం, రోగాలు. తనంతట తానే మొలిచి, ఎవరి సొత్తూ కాకుండా అందరికీ పనికివచ్చే గడ్డి ఈ రెండు చదువుల నడుమ జారిపోయింది.

ఆ ఖాళీని కొంతైనా పూడ్చడానికి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక మెట్ట మండలంలో 24 మంది క్షేత్ర సిబ్బందికి నేను నడిపిన శిక్షణ గురించి, అందులో పనిచేసినదాని గురించి, పనిచేయనిదాని గురించి ఇక్కడ రాస్తున్నాను. శిక్షణకు వచ్చినవారిలో సగం మంది గ్రామ వ్యవసాయ సహాయకులు. మిగిలినవారు గ్రామ పశుసంవర్ధక సహాయకులు, వాటర్‌షెడ్ పనులు చూసే సాంకేతిక సిబ్బంది. పాఠాలకు ఎంచుకున్న గ్రామానికి ఆనుకుని సుమారు 300 ఎకరాల గుట్ట ఉంది. ఎర్రటి పలుచని నేల, సాళ్లుగా తేలిన రాళ్లు, అక్కడక్కడా బోద గడ్డి, చీపురు గడ్డి, గట్ల వెంట గరిక, వాగు పొడవునా సర్కారు తుమ్మ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ప్రాంతం. ఆ వాన కూడా ఎప్పుడు పడుతుందో నమ్మకంగా చెప్పలేని ప్రాంతం.

మొదటి పొరపాటు నాదే

నాకు అప్పగించిన ప్రణాళికలో ఉన్నది వరుసగా ఐదు రోజుల శిక్షణ. దానిని నేను ఒప్పుకోలేదు. గడ్డి ఏడాదిలో నాలుగు రూపాలు మారుస్తుంది: మే నెలలో ఎండిన మొదళ్లు, జూలైలో లేత చిగురు, సెప్టెంబరులో పూత, డిసెంబరులో ఎండు మేత. ఒకే వారంలో నేర్పితే ఒక్క రూపమే చూపించగలం, మిగిలిన మూడింటినీ తెర మీద బొమ్మలుగా చూపవలసి వస్తుంది. కాబట్టి అవే రోజులను ఈ నాలుగు నెలలకూ పంచి, డిసెంబరుకు రెండు రోజులు కేటాయించాం. ఈ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే మే నెలలో తొలిరోజున నేను చేసిన పని సరైనది కాదు. ఉదయమంతా గదిలో కూర్చోబెట్టి గడ్డి జాతుల పేర్లు, వాటి శాస్త్రీయ నామాలు, పోషక విలువలు చెప్పాను. మధ్యాహ్నం గుట్ట మీదికి వెళ్లాక, పొద్దున విన్న పేర్లలో ఒక్కదాన్నీ వాళ్లు నేల మీద గుర్తుపట్టలేకపోయారు. మే నెలలో అక్కడ మిగిలేది గొర్రె కొరికిన మొదలే. దానికి పూత ఉండదు, ఆకు ఉండదు, పుస్తకంలోని బొమ్మతో పోలికే ఉండదు.

ఆ సాయంత్రం పాఠం మార్చి, ప్రతి ఒక్కరికీ ఒక తెల్ల కాగితం ఇచ్చి, తమ గ్రామంలో పశువులు మేసే చోట్లన్నీ గీయమన్నాను. వ్యవసాయ సహాయకులు చేలు గీశారు, పశుసంవర్ధక సహాయకులు కొట్టాలూ పాల కేంద్రమూ గీశారు, వాటర్‌షెడ్ సిబ్బంది చెక్‌డ్యాములు గీశారు. గుట్ట గీసినవారు ముగ్గురే; అందులోనూ మంద నడిచే దారి గీసినది గొర్రెల కాపరుల ఇంట పుట్టిన ఒక్క యువకుడే. అడంగల్‌లో ఆ భూమి బీడుగానో పోరంబోకుగానో ఒక్క వరుసలో ఉంటుంది. ఆ ఒక్క వరుస మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో ఏ గడిలోనూ ఉండదు.

మంద వెనుక ఒక పగలు

మర్నాడు, ప్రణాళికలో లేని ఒక రోజును అదనంగా తీసుకుని, ఇద్దరిద్దరిని ఒక్కొక్క మంద వెంట పంపాము. పని ఒక్కటే: దొడ్డి దాటినప్పటి నుంచి తిరిగి చేరేదాకా ప్రతి 10 నిమిషాలకూ ఆగి, కంటికి కనిపించే గొర్రెల్లో ఎక్కువ భాగం ఏం చేస్తున్నాయో రాసుకోవాలి: గడ్డి మేస్తున్నాయా, ఆకు అందుకుంటున్నాయా, కాయలు ఏరుకుంటున్నాయా, నడుస్తున్నాయా, నీడలో పడుకున్నాయా. ఎండ తీవ్రంగా ఉంది. ఇద్దరు మధ్యాహ్నానికే వెనుదిరిగారు. మిగిలినవారి కాగితాలు కలిపి చూస్తే గదిలో నేను చెప్పిన గడ్డి జాతుల పాఠం ఎంత పక్కదారి పట్టిందో తేలింది. మే నెలలో గొర్రె తింటున్నదాంట్లో గుట్ట గడ్డి చాలా కొంచెం. తుమ్మ కాయలు, రాలిన ఆకులు, రేగు పొదల చిగుళ్లు, చేలల్లో మిగిలిన వేరుశనగ కట్టె (కాయ తీశాక మిగిలే ఎండు మొక్క) తుంపులే ఎక్కువ.

ఆ రోజు ఒక పెద్దాయన మందలో ప్రతి 10 నిమిషాలకూ ఆగి రాసుకుంటున్న మావాళ్లను చూసి, "గొర్రె నిలబడి తినదు సార్, నడుస్తా తింటాది. మీరు దాన్ని నిలబెట్టి లెక్క చేస్తాండారు" అన్నాడు. అది వెక్కిరింపుగా అన్నదే, కానీ మా నమూనా పట్టికలో నిజమైన లోపాన్ని అది పట్టించింది. 10 నిమిషాలకొకసారి రాసినది గొర్రె ఏం తింటున్నదో చెబుతుంది. ఏ దారిన, ఎంత వేగంతో, దేన్ని వదిలేసి ముందుకు వెళుతున్నదో చెప్పదు. వదిలేసినదే భూమి ఆరోగ్యానికి అసలు గుర్తు. వెంపలి, తంగేడు, వయ్యారిభామ ఏటేటా పెరుగుతూ, గొర్రె ఇష్టంగా తినే గడ్డి గట్ల పక్కకూ ముళ్లపొదల మధ్యకూ తగ్గిపోతున్నదంటే ఆ చోట మేత ఒత్తిడి ఎక్కువైందని అర్థం. ఈ మాట ఎంత చెప్పినా ఎక్కలేదు గాని, పొదను పక్కకు తీసి, లోపల గొర్రె మూతి అందని చోట మోకాలెత్తు పెరిగిన గడ్డినీ, పొద బయట అంగుళమెత్తు మొదలునూ పక్కపక్కన చూపిస్తే ఒక్క నిమిషంలో ఎక్కింది.

కొలవడం నేర్పిన తీరు

జూలై, సెప్టెంబరు పాఠాల్లో కొలతలకే ఎక్కువ సమయం ఇచ్చాం. మీటరు చదరపు చట్రం వేసి, అందులో గడ్డిని మొదలు దాకా కోసి, ఎండబెట్టి తూచడం పాత పద్ధతే. ఒక చదరపు మీటరులో 100 గ్రాముల ఎండు గడ్డి అంటే హెక్టారుకు టన్ను, ఎకరానికి దాదాపు 400 కిలోలు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగిలినది మనసులోనే కట్టుకోవచ్చు. ఉదాహరణకు చదరపు మీటరుకు 60 గ్రాములు తేలితే ఎకరానికి 240 కిలోలు. అందులో సగం వదలాలని పెట్టుకుంటే మేతకు మిగిలేది 120 కిలోలు. 30 కిలోల గొర్రె రోజుకు తన బరువులో సుమారు 3 శాతం, అంటే 900 గ్రాముల ఎండు మేత తింటుంది. తొక్కిడికి పోయేది కలిపి కిలో అనుకుందాం. ఎకరం 120 గొర్రెలకు ఒక రోజు, లేదా ఒక గొర్రెకు 120 రోజులు. 300 ఎకరాల గుట్ట 1,200 గొర్రెలకు సరిగ్గా ఒక నెల. ఆ నెల తరువాత ఏమిటన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఇది ఆ రోజు నేల మీద నిలిచి ఉన్న గడ్డి లెక్కే తప్ప ఏడాది మొత్తానికి లెక్క కాదనీ, వాన పడుతున్నంత కాలం గడ్డి మళ్లీ మళ్లీ వేస్తుందనీ వెంటనే చెప్పవలసి వచ్చింది. లేకపోతే కాగితం మీది ఆ అంకెను పట్టుకుని మందలు తగ్గించమని గ్రామానికి వెళ్లి చెప్పే ఉత్సాహవంతులు ప్రతి బృందంలోనూ ఉంటారు.

సగం వదలాలి అన్నదాన్ని మాత్రం నోటి మాటగా వదల్లేదు. బోద వంటి దుబ్బు గడ్డిని మొదలు దాకా కోసి, దారంతో కట్టి, వేలి మీద అడ్డంగా నిలబెట్టమన్నాం. ఎక్కడ తూకం నిలుస్తుందో అక్కడ ఇంచుమించు దాని బరువులో సగం. దాదాపు అందరూ కట్టకు నడిమధ్య వేలు పెట్టారు, కట్ట మొదలు వైపు ఒరిగింది. దుబ్బు గడ్డికి బరువు మొదట్లో ఉంటుంది కనుక, ఎత్తులో సగం కొరికినా బరువులో సగం ఇంకా మిగులుతుంది. అదే మరికాస్త కిందికి కొరికితే మిగిలేది త్వరత్వరగా తగ్గిపోతుంది. కాపరి కంటికి ఎత్తే కనబడుతుంది గనుక, ఈ తేడాను ఎత్తు భాషలోనే అతనికి చెప్పగలగాలి.

వేళ్ల పాఠానికి జూలైలోనే కుండీలు సిద్ధం చేసుకున్నాం. ఒకే రోజు నాటిన అంజన్ గడ్డి కుండీలను మూడు వరుసలు పెట్టి, ఒక వరుసను అసలు కోయకుండా, రెండవదాన్ని సగమే కోస్తూ, మూడవదాన్ని వారం వారం నేలమట్టానికి కత్తిరిస్తూ సెప్టెంబరు పాఠం రోజు దాకా ఉంచాం. ఆ రోజు కుండీలు పగలగొట్టి మట్టి కడిగితే మూడో వరుసలో వేళ్లు పిడికెడు కూడా లేవు. 1955లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన ఫ్రాంక్లిన్ క్రైడర్ ప్రయోగాలు చూపింది ఇదే. ఆకులో సగం వరకు తీసినంత కాలం వేరు పెరుగుదల దాదాపుగా ఆగదు. 80 శాతం తీస్తే కొన్ని రోజుల పాటు పూర్తిగా ఆగిపోతుంది. అనంతపురం ఎర్రనేలలో ఆ ఆగిపోయిన పన్నెండు పదిహేను రోజులే రెండు వానల మధ్య ఎండగట్టే రోజులైతే మొక్క చచ్చిపోతుంది. కరువు వల్ల పోయిందని మనం రాసుకుంటాం.

అసలు ముడి జూన్, జూలైలోనే ఉంది

మేత నిర్వహణ గురించి బయటి దేశాల నుంచి వచ్చిన సాహిత్యంలో ఎక్కువ భాగం కంచె వేసిన సొంత పొలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదే. బీడును గదులుగా విడదీసి, మందను ఒక గది నుంచి మరొక గదికి తిప్పే పద్ధతి అక్కడ బాగా ప్రచారంలో ఉంది. దాని మీద జరిగిన ప్రయోగాలన్నింటినీ 2008లో అమెరికా మేత భూముల పరిశోధకుడు బ్రిస్కే బృందం సమీక్షించి, గడ్డి దిగుబడిలోనూ పశువు ఎదుగుదలలోనూ ఎడతెగని మేపు కంటే ఆ పద్ధతి మెరుగని ఆ ప్రయోగాలు చూపలేదని తేల్చింది. ఆ సమీక్షను నేను శిక్షణలో ప్రస్తావించాను. కొందరు నిరాశపడ్డారు. గదులు కట్టడం అనేది కనిపించే పని, అంచనా వేయగల పని, బిల్లు పెట్టగల పని. అక్కడ కంచెలు ఉన్నా మా గుట్టకు కంచె లేదు. ఇక్కడ ప్రశ్న ఎన్ని గదులని కాదు, ఏ నెలలో గుట్టకు విశ్రాంతి దొరుకుతుందని.

ఆ ప్రశ్న అడిగితే ముడి ఎక్కడ ఉందో వెంటనే తెలుస్తుంది. తొలకరి పడగానే గుట్ట మీద గడ్డి చిగురిస్తుంది. సరిగ్గా అదే వారంలో చేలలో వేరుశనగ విత్తుతారు. విత్తిన చేలోకి మందను రానివ్వరు. డిసెంబరు నుంచి మే దాకా మందకు తెరిచి ఉండే ఊరి పొలమంతా జూన్‌లో మూసుకుంటుంది, మందలన్నీ ఒక్కసారిగా గుట్ట మీదికి ఎక్కుతాయి. గడ్డికి విశ్రాంతి అత్యవసరమైన ఆ ఆరేడు వారాల్లోనే దానిమీద ఏడాదిలోకెల్లా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, పంట క్యాలెండరు, మేత క్యాలెండరు ఒకదానికొకటి ఎదురుపడటం. శిక్షణలో వ్యవసాయ, పశుసంవర్ధక సహాయకులను పక్కపక్కన కూర్చోబెట్టడం వల్ల కలిగిన లాభం ఇక్కడే కనిపించింది. తొలకరి లేత గడ్డిని ఆబగా మేసిన గొర్రెలకు చిటుక రోగం వచ్చి రాత్రికి రాత్రే చనిపోవడం పశుసంవర్ధక సహాయకులకు ఏటా తెలిసిన సంగతి. అందుకే వానలకు ముందే టీకా వేస్తారు. మందను ఆ లేత గడ్డి మీదికి తొందరపడి తోలకూడదన్నది వాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్న మాట. గడ్డి కోసం నేను అడుగుతున్నదీ అదే. కారణాలు వేరైనా రెండు శాఖల సలహా ఒక్కటే అయినప్పుడు కాపరి వినే అవకాశం పెరుగుతుంది.

అయితే ఆ వారాల్లో మందను ఎక్కడికి తోలాలి? శిక్షణార్థులు తలా ఒక సమాధానం తెచ్చారు. గుట్ట మొత్తాన్ని రెండేళ్లు మూసేయాలన్నది మొదటిది. అది నేను చూసిన చోట్లలో మందలను పక్క ఊరి గుట్ట మీదికి నెట్టిందే తప్ప ఒత్తిడిని తగ్గించలేదు. నీటి వసతి ఉన్న రైతులు పచ్చిమేత పెంచాలన్నది రెండవది. వందల గొర్రెల మందకు అది లెక్కకు నిలవదు. చివరకు నిలిచినవి చిన్నవి: కోత తరువాత వేరుశనగ కట్టెలో కొంత భాగాన్ని అమ్మకుండా వామి వేసి జూన్‌కు దాచుకోవడం, ఆ ఏడాది విత్తకుండా వదిలిన బీడు చేలను రైతుతో మాట్లాడి, ఎరువు కోసం రాత్రి ఆ చేలో మంద కట్టే ఒప్పందం మీద మేతకు తెరిపించడం, గుట్టను మూడు భాగాలుగా చూసి ఏటా ఒక భాగానికి మాత్రమే విత్తనం రాలేదాకా విశ్రాంతి ఇచ్చి మూడేళ్లలో చుట్టు తిప్పడం. మంద కట్టినందుకు రైతు కాపరికి ఇచ్చేది ధాన్యమో డబ్బో ఎప్పటి నుంచో ఉన్నదే. మేం కొత్తగా చేసినది ఆ పాత ఒప్పందాన్ని కోతల తరువాతి నెలల నుంచి జూన్ వైపు కొద్దిగా జరపడం.

ఊరి సమావేశం రెండుసార్లు జరగవలసి వచ్చింది

మూడు భాగాల ప్రతిపాదనను ఊరి ముందు పెట్టే పనిని శిక్షణార్థులకే అప్పగించాం. సమావేశం ఉదయం 10 గంటలకు పెట్టారు. ఆ సమయం నేను ఆమోదించినదే, కనుక బాధ్యత నాది. 10 గంటలకు ఊళ్లో కాపరి ఉండడు, కూలికి వెళ్లే ఆడవాళ్లూ ఉండరు. వచ్చినవారు గొర్రెలున్న నలుగురైదుగురు పెద్దలు, పంచాయతీవారు. వాళ్లు ఒప్పుకున్నారు, సంతకాలు పెట్టారు. వారం తిరగకుండానే విశ్రాంతి భాగంలో మేకలు కనిపించాయి. అవి నాలుగైదు మేకలు మాత్రమే ఉన్న, భూమి లేని ఇళ్లవి. ఆ భాగం వాళ్ల ఇళ్లకు అందరికంటే దగ్గర, వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు. ఒక శిక్షణార్థి జరిమానా వేయాలని ప్రతిపాదించాడు. అతన్ని తప్పుపట్టలేను, సంతకం ఉన్న తీర్మానం చేతిలో ఉంటే చట్టం తమ వైపే ఉందన్న ధైర్యం ఎవరికైనా వస్తుంది.

రెండో సమావేశం పొద్దుపోయాక, దొడ్ల దగ్గర జరిగింది. అక్కడ ఆడవాళ్లు అడిగినది చాలా సూటిగా ఉంది: విశ్రాంతి ఇచ్చే భాగాన్ని మార్చండి, లేదా అందులో గడ్డి కోసుకెళ్లనివ్వండి. రెండవదాన్ని ఒప్పుకున్నాం. కొడవలి గడ్డి మొదలును వదులుతుంది, మేక మూతి వదలదు, కాబట్టి శాస్త్రం దృష్ట్యా కూడా అది నష్టమేమీ కాదు. ఉమ్మడి భూముల ఆక్రమణలపై సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పును శిక్షణలో చదివించాం. ఉమ్మడి భూమి ఊరిదే అని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. ఊరిలో ఎవరెవరున్నారో మాత్రం సమావేశం వేళ నిర్ణయించేవాడు చూసుకోవాలి.

మదింపు, దాని చేదు

చివరి పాఠంలో రాత పరీక్ష పెట్టలేదు. ప్రతి ఒక్కరూ తమ గ్రామంలో ఒక మేత బీడుకు గడ్డి కొలత, మంద దారుల పటం, జూన్ నెల ప్రత్యామ్నాయం, ఊరితో మాట్లాడిన వివరం రాసి తీసుకురావాలని అడిగాం. 24 మందిలో సగానికి కొద్దిగా పైగా తెచ్చారు. కొలతలు దాదాపు అందరివీ బాగున్నాయి. మంద దారుల పటాలు పశుసంవర్ధక సహాయకులవి మెరుగ్గా ఉన్నాయి. జూన్ నెల ప్రత్యామ్నాయం దగ్గర ఎక్కువమంది తడబడి మళ్లీ గడ్డి విత్తనాల పంపిణీకే వెళ్లిపోయారు.

దానికి కారణం వాళ్ల తెలివి కాదు. నెలాఖరున వాళ్లు నింపవలసిన పట్టికలో పంచిన విత్తనాల కిలోలకు గడి ఉంది, నాటిన మొక్కలకు గడి ఉంది, వేసిన టీకాలకు గడి ఉంది; ఒక గుట్టను 50 రోజులు మేపకుండా వదిలించినందుకు గడి లేదు. ఏమీ చేయకుండా ఉండడాన్ని సాధించిన పని ఏ నివేదికలోకీ ఎక్కదు. ఈ మాట నేను పైవారికి రాసి పంపాను. సమాధానంగా గడ్డి విత్తనాల లక్ష్యం పెంచుతున్నట్టు తెలియజేశారు.

ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూములు, పశుపోషక సంచార సమాజాల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది గనుక ఇలాంటి శిక్షణలకు ఇప్పుడు కొంత గిరాకీ వచ్చింది. మళ్లీ ఎవరైనా ఇది చేపడితే గడ్డి జాతుల పాఠాన్ని సెప్టెంబరు పూత దాకా ఆపమనీ, మంద వెనుక నడకను మొదటి రోజుకు తెమ్మనీ, కాపరిని అతిథిగా కాక కూలి చెల్లించి బోధకుడిగా పెట్టుకోమనీ చెబుతాను. మేము ఆ రోజు కూలి ఇవ్వలేదు. ఆ పెద్దాయన తన మందను చూసుకుంటూనే పొద్దంతా మాకు పాఠం చెప్పాడు.

గుట్ట సంగతికి వస్తే, మొదటి భాగానికి విశ్రాంతి దొరికింది, విత్తనం రాలింది, రెండో భాగం సగం దొరికి సగం పోయింది. పక్క ఊరి మందలు సాయంత్రాలు వచ్చిపోయాయి. ఈసారి మూడో భాగం వంతు. చెరువుకు నీళ్లకు వెళ్లే మంద దారి దాని మధ్యగా పోతుంది గనుక దాన్ని పూర్తిగా మూయడం కుదరదు. దారికి ఎంత వెడల్పు వదలాలన్నదానిపై కాపరులు 30 అడుగులంటున్నారు. మా శిక్షణార్థులు ఇద్దరు 15 అడుగులు చాలునంటున్నారు. మే నెలలో రెండు వైపులా తాడు కట్టి, ఒక మందను ఆ దారిన నీళ్లకు నడిపించి చూసి నిర్ణయించబోతున్నారు.